నూరు డిస్కులు, ఒక చిట్టా లెక్క

కంప్యూటరు సమాచారమును దాచుటకు ఖరీదైన ఒక పెద్ద డిస్కుకు బదులు నూరు చవుక డిస్కులను కూర్చినచో పని వేగమగునని 1988లో బర్క్‌లీ శాస్త్రజ్ఞులు ప్యాటర్సన్, గిబ్సన్, కాట్జ్ ప్రకటించిరి. అందలి చిక్కును గూడ వారే లెక్కగట్టిరి. ఒక్కొక్క డిస్కు సగటున 30,000 గంటలు పనిచేసినను, నూటిలో ఏదో ఒకటి 300 గంటలకే, అనగా రెండు వారములైనను నిండకయే, చెడును!

చిట్టాలో ఒక అంకె చెరిగినను, మొత్తము తెలిసినచో దానిని రాబట్టవచ్చును గదా. అట్లే డిస్కులను జట్లుగా విభజించి, ప్రతి జట్టుకు ఒక అదనపు డిస్కును చేర్చవలెననిరి. ప్రతి స్థానమునను జట్టులోని 1ల లెక్క సరిసంఖ్య అగునట్లు ఈ అదనపు డిస్కుపై 1 గాని 0 గాని వ్రాయుదురు. ఒకటి చెడినచో మిగిలినవి దాని అంకెలను చెప్పును. ఇట్టి ఉపాయమునకు 1978లోనే ఐ.బి.ఎం.కు చెందిన నార్మన్ ఔచీ పేరిట పేటెంటు వెలువడెను. నిలిచినది మాత్రము బర్క్‌లీవారు పెట్టిన 'రెయిడ్' అను పేరే. చెడినదాని స్థానమున పెట్టిన క్రొత్త డిస్కు నిండకముందే అదే జట్టులో మరియొకటి చెడినచో, ఈ లెక్క తేలదు.