సోయా ఆహారం – థైరాయిడ్, అడ్రినల్ జబ్బులు

పాలు, గుడ్లు, మాంసం పూర్తిగా మానేసినవారికి సోయా చిక్కుడు ముఖ్యమైన మాంసకృత్తుల వనరు. మీల్ మేకర్, సోయా పాలు, సోయా పనీర్ అని పిలిచే టోఫూ ఈ గింజ నుంచి వచ్చేవే. నూనె తీశాక మిగిలిన పిండితో చేసే మీల్ మేకర్‌లో, ఎండుగా ఉన్నప్పుడు, బరువులో సగం మాంసకృత్తులే ఉంటాయి. తెలంగాణలో ఆదిలాబాద్, నిర్మల్, నిజామాబాద్, కామారెడ్డి జిల్లాల రైతులు సోయాను వానాకాలం పంటగా వేస్తారు. థైరాయిడ్ ఉన్నవాళ్లు దీన్ని ముట్టకూడదనే మాట చాలాకాలంగా వినిపిస్తోంది. ఈమధ్య మూత్రపిండాల మీద ఉండే అడ్రినల్ గ్రంథులకూ చెరుపే అంటున్నారు. మొదటి మాటలో కొంత నిజముంది. రెండోదానికి ఆధారం బాగా పలచన.

అపవాదు ఎలా పుట్టింది

1950ల చివర్లో అమెరికాలో ఆవుపాలు పడని పసిపిల్లలకు సోయా పిండితో తయారైన డబ్బాపాలు పట్టేవారు. వారిలో కొందరికి గొంతు ముందు భాగం ఉబ్బి గాయిటర్ వచ్చింది. 1959, 1960లలో ఈ కేసులు వైద్య పత్రికల్లో అచ్చయ్యాయి. ఆ పాలలో అయోడిన్ కలపలేదు. పైగా శరీరంలోని థైరాయిడ్ హార్మోన్ థైరాక్సిన్‌లో కొంత, సోయా పిండి వల్ల మలంతో పాటు బయటికి పోయేది. అయోడిన్ ఇవ్వగానే వాపు తగ్గింది. ఆ తర్వాత తయారీదారులు అయోడిన్ కలపడం, పిండికి బదులు శుద్ధిచేసిన సోయా ప్రొటీన్ వాడడం మొదలుపెట్టడంతో అలాంటి కేసులు దాదాపు కనుమరుగయ్యాయి.

సోయాలో జెనిస్టీన్, డైడ్జీన్ అనే ఐసోఫ్లేవోన్‌లు ఉంటాయి. థైరాయిడ్ గ్రంథి హార్మోన్ తయారుచేయడానికి థైరాయిడ్ పెరాక్సిడేజ్ అనే ఎంజైమ్ కావాలి. దాన్ని ఈ పదార్థాలు అడ్డుకుంటాయని 1997లో అమెరికా పరిశోధకులు డివి, చాంగ్, డోర్జ్ పరీక్షనాళికలో చూపించారు. అదే ప్రయోగంలో మరో సంగతీ బయటపడింది. అయోడైడ్ కూడా ఉన్నప్పుడు ఐసోఫ్లేవోన్‌లే అయోడిన్‌ను తగిలించుకున్నాయి, ఎంజైమ్ మాత్రం చెడిపోలేదు. సోయా మీద నేరం మోపేవాళ్లు సాధారణంగా ఈ రెండో సగం చెప్పరు.

మనుషుల మీద జరిగిన అధ్యయనాలు చాలావరకు భరోసా ఇచ్చేవిగానే ఉన్నాయి. ఆరోగ్యవంతుల మీద జరిగిన 14 పరీక్షలను 2006లో సమీక్షిస్తే, ఒక్కదానిలో తప్ప థైరాయిడ్ పనితీరులో చెప్పుకోదగ్గ తేడా కనబడలేదు. 2019 నాటి మరో విశ్లేషణలో థైరాయిడ్ హార్మోన్లు టీ3, టీ4 మారలేదు, ఆ గ్రంథిని పనిచేయించే టీఎస్‌హెచ్ మాత్రం స్వల్పంగా పెరిగింది. జాగ్రత్త పడవలసింది సరిహద్దులో ఉన్నవారు, అంటే టీఎస్‌హెచ్ పెరిగి టీ4 ఇంకా మామూలుగానే ఉన్నవారు. 2011లో బ్రిటన్‌లో ఇలాంటి 60 మందికి రోజుకు 16 మిల్లీగ్రాముల ఐసోఫ్లేవోన్‌లున్న సోయా ప్రొటీన్ ఎనిమిది వారాలు ఇస్తే, ఆరుగురికి పూర్తిస్థాయి హైపోథైరాయిడిజం వచ్చింది. అదే సమయంలో వాళ్ల రక్తపోటు, ఇన్సులిన్ నిరోధకత తగ్గాయి. తర్వాత అదే బృందం ఇంకా పెద్ద మోతాదుతో చేసిన పరీక్షలో థైరాయిడ్‌కు అలాంటి చెరుపు తేలలేదు. సరిహద్దులో ఉన్నవాళ్లు సోయా కొత్తగా మొదలుపెడితే మధ్యమధ్య టీఎస్‌హెచ్ చూపించుకుంటే సరిపోతుంది.

ఉప్పు డబ్బా

అసలు చూడవలసింది అయోడిన్ సంగతి. మన దేశంలో గాయిటర్ మీద జరిగిన పెద్ద పరిశోధనకు నాయకత్వం వహించింది శ్రీకాకుళంలో పుట్టిన వులిమిరి రామలింగస్వామి. 1950లలో మొదలైన అధ్యయనంలో, హిమాలయాల దిగువన కాంగ్రా లోయలో అయోడిన్ కలిపిన ఉప్పు వాడించి గాయిటర్ తగ్గుతుందని ఆయన బృందం నిరూపించింది. 1962లో జాతీయ గాయిటర్ నియంత్రణ కార్యక్రమం మొదలైంది.

పెద్దవాళ్లకు రోజుకు 150 మైక్రోగ్రాముల అయోడిన్ కావాలి, గర్భిణులకు 250. నిబంధన ప్రకారం ఉప్పు ఇంటికి చేరేసరికి కిలోకు కనీసం 15 మిల్లీగ్రాముల అయోడిన్ ఉండాలి. ఆ కనీస స్థాయి ఉప్పు రోజుకు 5 గ్రాములు తింటే అందేది 75 మైక్రోగ్రాములే, అందులోనూ వంటలో కొంత పోతుంది. మిగతాది మామూలుగా పాలు, పెరుగు, గుడ్లు, చేపలు భర్తీ చేస్తాయి. పాలు కూడా మానేసిన పూర్తి శాకాహారికి ఆ దారి మూసుకుపోతుంది. దీనికి తోడు ఆరోగ్యం పేరుతో సైంధవ లవణానికి మారితే ఉన్న కాస్తా పోతుంది, ఎందుకంటే విడిగా కలిపితే తప్ప అందులో అయోడిన్ నామమాత్రమే. ప్యాకెట్ మీద ‘అయోడైజ్డ్’ అని ఉందో లేదో చూసుకోవాలి. లోటు తీర్చుకోవాలని సముద్రపు నాచు మాత్రలు మింగడం మరో తంటా: అయోడిన్ మితిమీరినా థైరాయిడ్ దెబ్బతింటుంది.

సోయాకు భయపడి చిరుధాన్యాల వైపు వెళ్లేవారు సజ్జల గురించీ తెలుసుకోవాలి. సజ్జల్లోని ఫ్లేవోన్‌లు కూడా థైరాయిడ్‌ను అడ్డుకోగలవని సూడాన్‌లో అయోడిన్ తక్కువైన ప్రాంతాల పరిశోధనలు చెప్పాయి. ఇనుము లోపమూ పట్టించుకోవలసిందే, ఎందుకంటే పైన చెప్పిన ఎంజైమ్ పనిచేయాలంటే ఇనుము కావాలి.

మాత్ర వేసుకునే వేళ

థైరాక్సిన్ మాత్ర వాడేవారికి సోయాతో వచ్చే ముఖ్యమైన చిక్కు గ్రంథిలో లేదు, పేగులో ఉంది. మాత్ర ఒంటబట్టకుండా సోయా కొంత అడ్డుపడుతుంది. పొద్దున ఆరింటికి మాత్ర మింగి, పది నిమిషాలకే సోయా పాలతో కాఫీ తాగితే కాఫీ, సోయా, ఆ పాలలో కలిపిన కాల్షియం మూడూ కలిసి మందును పాడుచేస్తాయి. మాత్రను పరగడుపున మంచినీళ్లతో వేసుకుని కనీసం అరగంట, వీలైతే గంట ఆగాలి. కాల్షియం, ఇనుము మాత్రలకు నాలుగు గంటల ఎడం ఉండాలి. పొద్దున కుదరకపోతే, రాత్రి భోజనమైన మూడు గంటల తర్వాత వేసుకునే పద్ధతి గురించి డాక్టరును అడగవచ్చు. సోయా ఒకరోజు బాగా తిని వారమంతా మానేయడం కంటే రోజూ ఒకే తీరుగా తినడం మేలు. తీరు మారితే ఆరు నుంచి ఎనిమిది వారాలకు టీఎస్‌హెచ్ చూసి మోతాదు సరిచేస్తారు. ఆపరేషన్‌తో గ్రంథి మొత్తం తీసేసినవారికి మాత్ర వేళ విషయం తప్ప సోయాతో థైరాయిడ్‌కు వేరే పేచీ లేదు. పుట్టుకతో థైరాయిడ్ లోపమున్న శిశువులకు సోయా పాలు పట్టినా, మానినా డాక్టరుకు తప్పక చెప్పాలి.

అడ్రినల్ విషయం

జెనిస్టీన్, డైడ్జీన్ పడినప్పుడు అడ్రినల్ కణాలు కార్టిసాల్ అనే హార్మోన్ తక్కువగానూ, పురుష హార్మోన్లైన ఆండ్రోజన్‌లు ఎక్కువగానూ తయారుచేశాయని 1999లో ఒక ప్రయోగం చూపింది. అవి ప్రయోగశాలలో పెంచిన కణాలు. భోజనంలో సోయా తినేవారికి అడ్రినల్ జబ్బు వస్తుందని దాన్నిబట్టి చెప్పలేం. ‘అడ్రినల్ అలసట’ అనే పేరుకైతే వైద్యంలో జబ్బుగా గుర్తింపే లేదు. 2016లో 58 అధ్యయనాలను పరిశీలించిన సమీక్ష కూడా దానికి ఆధారం లేదనే తేల్చింది.

నిజమైన అడ్రినల్ లోపాన్ని 1855లో థామస్ అడిసన్ అనే వైద్యుడు వర్ణించాడు. మన దేశంలో దానికి క్షయ కూడా ఒక ముఖ్య కారణం. స్టెరాయిడ్ మాత్రలు చాలాకాలం వాడి ఒక్కసారిగా ఆపేసినవారికీ కార్టిసాల్ లోటు వస్తుంది. ఈ లోపానికి వాడే హైడ్రోకార్టిసోన్‌ను ఆహారంతో కలిపి కూడా వేసుకోవచ్చు కాబట్టి సోయా పాలతో గొడవ లేదు. అడిసన్ జబ్బున్నవారు ఉప్పు బాగా తగ్గించకూడదు. చికిత్స ఇంకా కుదుటపడనప్పుడు రక్తంలో పొటాషియం పెరుగుతుంది కనుక సోయా, పప్పులు ఎంత తినాలో డాక్టరుతో మాట్లాడుకోవాలి. వీరికి సోయా కంటే అతిమధురం ఎక్కువ అనుమానించదగ్గది: అది శరీరంలో కార్టిసాల్ విరుగుడును అడ్డుకుని, వాడుతున్న మందుల ఫలితాన్ని తారుమారు చేస్తుంది.

థైరాయిడ్, అడ్రినల్ గ్రంథులు రెండూ ఒకేసారి దెబ్బతినడాన్ని 1926లో ష్మిట్ అనే వైద్యుడు వర్ణించాడు. థైరాయిడ్ లోపంతో పాటు బరువు తగ్గడం, ఒళ్లు నల్లబడడం, ఉప్పు తినాలని మనసు లాగడం ఉంటే ముందు పొద్దుటి కార్టిసాల్ పరీక్ష చేయించాలి. థైరాక్సిన్ మొదలైతే శరీరం కార్టిసాల్‌ను వేగంగా ఖర్చు చేస్తుంది, ఉన్న కొద్దిపాటి నిల్వ చాలక ప్రాణం మీదికి రావచ్చు. అందుకే ఇలాంటి వారికి డాక్టర్లు ముందు స్టెరాయిడ్ ఇచ్చి, తర్వాతే థైరాక్సిన్ మొదలుపెడతారు.