వెలిగారం పుణ్యమా అని

మా అత్తవారి ఊరు బచ్చన్నపేట. పెళ్లయిన కొత్తలో ఓ పండక్కి అక్కడున్నప్పుడు నా పుస్తెలతాడు తెగింది. నా గుండె జారిపోయింది! అత్తమ్మ "ఏం గాదు బిడ్డా" అన్నదే గాని, ఆ పూట ఆమెకు ముద్ద దిగలేదు. మెడలో పసుపుకొమ్ము కట్టి, నన్ను అవుసలాయన దగ్గరికి తీసుకుపోయింది.

ఆయన పటికబెల్లం ముక్కలాంటి తెల్లరాయిని నీటిచుక్కతో అరగదీసి, ఆ గంధాన్ని తెగిన చోట పూశాడు. ఊదుగొట్టంతో మంట ఊదగానే ఆ పూత పేలాల్లా పొంగి, తర్వాత అద్దంలా కరిగింది. ఏమిటని అడిగితే, "వెలిగారం తల్లీ! ఇది లేకుంటే అతుకు పట్టదు" అన్నాడు.

ఎందుకు పట్టదో తర్వాత చదివి తెలుసుకున్నాను. బంగారంలో కలిపిన రాగి వేడికి నల్లబడుతుంది. ఆ నల్లపొర ఉన్నంతసేపూ అతుకు అంటదు. వెలిగారం సుమారు 740 డిగ్రీల దగ్గర కరిగి, ఆ పొరను తనలో కలిపేసుకుని, గాలి సోకకుండా కాపు కాస్తుంది. ఈ మహత్తంతా అందులోని బోరాన్ ఆక్సైడుది. ఇత్తడి అతకడానికీ ఇదే కావాలి. మా జనగామ పక్కనున్న పెంబర్తి ఇత్తడి పని ఎంత పేరు పొందిందో మీకు తెలుసుగా!

అన్నట్టు, ఈ రాయి మన ఊళ్లలో పుట్టింది కాదండోయ్! పూర్వం టిబెట్టు ఉప్పుసరస్సుల దగ్గర ఏరి, గొర్రెల మీదా మేకల మీదా చిన్న సంచులు వేసి, హిమాలయాలు దాటించేవారు. సంస్కృతంలో దీని పేరు టంకణం. ఇటలీలో, ఆపైన అమెరికాలో బోరాన్ సరుకు విరివిగా దొరికాక టిబెట్టు గొర్రెల బేరం సన్నగిల్లింది. 1883 నుంచి కాలిఫోర్నియా మృత్యులోయలో ఇరవై జంతువులు కట్టిన బళ్లమీద ఎడారి దాటించారట!

ఇక వంటింటి కథ. అమెరికాలో బెస్సీ లిటిల్టన్ అనే ఇల్లాలి వంటపాత్ర పగిలింది. ఆమె భర్తది గాజు కంపెనీలో ఉద్యోగం. బోరాన్ ఆక్సైడు కలిపిన గాజు వేడికి పెద్దగా వ్యాకోచించదు, అందుకే చటుక్కున పగలదు. అలాంటి గాజుతో చేసిన బ్యాటరీ జాడీ అడుగుభాగం కోయించి, 1913లో ఆయన ఇంటికి తెచ్చాడు. అందులో ఆవిడ కేకు చేసింది. అది చక్కగా ఉడికింది! 1915లో అటువంటి గాజుపాత్రలు పైరెక్స్ పేరుతో అంగళ్లకెక్కాయి. మన దేశంలో బోరోసిల్ కంపెనీ 1962లో మొదలైంది. మీ అలమరలో గాజుగిన్నె ఉంటే ఆ ఇల్లాలిని ఒకసారి తలుచుకోండి.

ఒక్క మాట: వెలిగారం తెల్లగా ఉంది కదా అని తినే వస్తువుల్లో కలపకూడదు. పిల్లలకు అందనివ్వకూడదు.

ఆ రోజు అవుసలాయన అతుకు చల్లారాక చింతపండు నీళ్లలో కడిగి ఇచ్చాడు. గాజులా అంటుకున్న వెలిగారం కాస్తా వదిలిపోయింది. సంబంధం కుదిర్చి, పెళ్లి కాగానే చెప్పకుండా బస్సెక్కే పెద్దమ్మలా అన్నమాట! అత్తమ్మ ఇప్పుడు లేదు. అతుకు మాత్రం నా మెడలో ఇవాళ్టికీ చెక్కుచెదరలేదు.