రేడియేషన్ చికిత్స – ఆక్సీకరణ ఒత్తిడి
క్యాన్సర్ చికిత్సలో ఎక్స్‌రే కిరణాలు డీఎన్‌ఏకు చేసే నష్టంలో సుమారు మూడింట రెండు వంతులు పరోక్షమైనదే. కిరణాలు కణంలోని నీటిని చీల్చి హైడ్రాక్సిల్ రాడికల్స్‌ను పుట్టిస్తాయి; అవి డీఎన్‌ఏను తెంచుతాయి. పక్కనున్న మంచి కణజాలానికీ ఇదే దెబ్బ. నోరు, గొంతు క్యాన్సర్ రోగుల్లో లాలాజల గ్రంథులు దెబ్బతిని నోరెండిపోతుంది. దీన్ని తగ్గించేందుకు అమిఫోస్టిన్ అనే మందును అమెరికా 1999లో అనుమతించింది. వాంతులు, రక్తపోటు పడిపోవడం దాని చిక్కులు.

ఇలాంటి రాడికల్స్‌ను అణిచే యాంటీఆక్సిడెంట్లు ఆహారంలోనూ ఉంటాయి. నెల్లూరు తీరంలో పెంచే రొయ్యను వండితే ఎర్రబడేది ఆస్టాక్సాంథిన్ అనే వర్ణకం వల్ల. అదీ బలమైన యాంటీఆక్సిడెంటే. అంతమాత్రాన రొయ్యల కూర రేడియేషన్‌కు విరుగుడు కాదు. పైగా యాంటీఆక్సిడెంట్ మాత్రలు మంచి కణాలతో పాటు కణితికీ కాపు కాయవచ్చు. 2005లో వెలువడిన కెనడా పరిశోధనలో రేడియేషన్ చికిత్సతో పాటు విటమిన్ ఇ, బీటా కెరోటిన్ వాడినవారికి దుష్ప్రభావాలు తగ్గాయి గానీ, క్యాన్సర్ తిరగబెట్టే ధోరణి ఎక్కువగా కనిపించింది. చికిత్స సాగుతుండగా డాక్టరుకు చెప్పకుండా ఇలాంటి మాత్రలు వేసుకోకూడదు.