అనీబల్ త్రోయిలో

అనీబల్ కార్మెలో త్రోయిలో (జూలై 11, 1914 - మే 18, 1975) అర్జెంటీనా దేశానికి చెందిన సుప్రసిద్ధ బాండోనియన్ వాద్యకారుడు, టాంగో స్వరకర్త, వాద్యబృంద నాయకుడు. ఇతని ముద్దుపేరు పిచూకో. కవి హూలియన్ సెంతేయా ఇతనిని "బ్యూనస్ ఎయిర్స్ పెద్ద బాండోనియన్" అని పిలిచాడు. ఆ బిరుదే స్థిరపడిపోయింది. త్రోయిలో కంటే వేగంగా వాయించగలవారు అతని కాలంలోనే ఉన్నారు. తక్కువ స్వరాలతో ఎక్కువ భావం పలికించడం, బృందంలో గాయకునికి వాద్యాలతో సమానమైన స్థానం కల్పించడం ఇతని ప్రత్యేకతలు.

వాద్యము

బాండోనియన్‌ను కూర్చుని, మోకాళ్లపై ఉంచుకుని, తిత్తిని రెండు చేతులతో సాగదీస్తూ మూస్తూ వాయిస్తారు. హార్మోనియంలో వలెనే ఇందులోనూ గాలి ఒత్తిడికి లోహపు రీడ్లు కంపించి నాదం పుడుతుంది. పోలిక అంతటితో సరి. హార్మోనియంలో మెట్లు వరుసగా కంటికి కనబడతాయి. టాంగో బాండోనియన్‌లో కుడివైపు 38, ఎడమవైపు 33, మొత్తం 71 బొత్తాలు ఉంటాయి. వాటి అమరికలో స్వరాల వరుస ఉండదు. పైగా ఒకే బొత్తాన్ని నొక్కి తిత్తిని తెరిస్తే ఒక స్వరం, మూస్తే సాధారణంగా మరొక స్వరం పలుకుతుంది. కనుక నేర్చుకునేవాడు ఒక వాద్యానికి నాలుగు అమరికలను కంఠస్థం చేయవలసి వస్తుంది. వాయించేటప్పుడు బొత్తాలు వాద్యకారుని కంటికి ఆనవు కూడా. త్రోయిలో కళ్లు మూసుకుని వాయించే దృశ్యం అతని ఛాయాచిత్రాలన్నింటిలోకీ ప్రసిద్ధమైనది.

ఈ వాద్యం జర్మనీలో పుట్టింది. 1840లలో క్రేఫెల్ట్ పట్టణంలో దీనిని ప్రచారంలోకి తెచ్చిన హైన్‌రిష్ బాండ్ పేరు మీదుగానే ఆ పేరు వచ్చింది. 19వ శతాబ్దంలో వలస వచ్చినవారితో అర్జెంటీనా చేరి, అక్కడ టాంగోకు ప్రాణవాద్యమయింది.

బాల్యము, తొలి రోజులు

త్రోయిలో బ్యూనస్ ఎయిర్స్ నగరంలో, అబాస్తో అనే పెద్ద కూరగాయల మార్కెట్టు ఉన్న ప్రాంతంలో జన్మించాడు. ఇతని బాల్యంలోనే తండ్రి మరణించాడు. పేటలోని కాఫీ హోటళ్లలో బాండోనియన్ విని ముచ్చటపడిన కుమారునికి పదేళ్ల వయసులో తల్లి ఫెలీసా ఆ వాద్యాన్ని వాయిదాల పద్ధతిపై కొనిపెట్టింది. ధర 140 పెసోలు, నెలకు 10 పెసోల చొప్పున 14 వాయిదాలు. నాలుగు వాయిదాలు కట్టిన పిదప దుకాణదారు చనిపోయాడనీ, మిగతా సొమ్ము అడగడానికి ఎవరూ రాలేదనీ చెబుతారు. త్రోయిలో దాదాపు జీవితమంతా ఆ వాద్యంతోనే గడిపాడు.

పదకొండవ ఏట మొదటి ప్రదర్శన ఇచ్చాడు. 1930 చివరలో వయొలిన్ విద్వాంసుడు ఎల్వీనో వర్దారో, పియానో వాద్యకారుడు ఓస్వాల్దో పుగ్లియేసే నడిపిన ఆరుగురి బృందంలో చేరాడు. అప్పటికి అతనికి పదహారేళ్లు. తరువాత అనేక బృందాలలో పనిచేశాడు.

సొంత బృందము

1937 జూలై 1న మరబూ అనే నృత్యశాలలో త్రోయిలో బృందం తొలి ప్రదర్శన జరిగింది. ఓర్లాందో గోన్యి పియానో, ఫ్రాన్సిస్కో ఫియొరెంతీనో గానం. అంతకుముందు బృందాలలో గాయకుడు పాట మధ్యలో ఒక చరణం పాడి కూర్చునేవాడు. ఫియొరెంతీనో పాటను ఆద్యంతం పాడాడు. వాద్యాలు అతని ఊపిరికి అనుగుణంగా నడిచాయి. 1938లో రెండు పాటలు మాత్రం రికార్డు చేసి, 1941 వరకు బృందం మరి రికార్డులు ఇవ్వలేదు. 1941 నుండి వెలువడినవి నేటికీ టాంగో నృత్యశాలలలో వినిపిస్తున్నాయి.

1939లో ఆస్టర్ పియాజోలా అనే యువకుడు బాండోనియన్ వాద్యకారుడిగా బృందంలో చేరాడు. కొంతకాలానికి పాటలకు వాద్యసంవిధానం కూడా రాయసాగాడు. అతను రాసి తెచ్చిన కాగితాలపై త్రోయిలో రబ్బరు పట్టుకుని స్వరాలు చెరిపేసేవాడని పియాజోలాయే తరువాత చెప్పుకున్నాడు. ఇందులో ఇద్దరి పక్షానా న్యాయం ఉంది. పియాజోలాకు వినే సంగీతం కావాలి. త్రోయిలో ఎదుట అడుగులు వేస్తున్న జంటలున్నాయి. వారు లయ తప్పితే మరునాడు నృత్యశాల ఖాళీ. పియాజోలా 1944లో బృందాన్ని విడిచి వెళ్లాడు కానీ వారి స్నేహం చెడలేదు. 1970లో ఇద్దరే కూర్చుని రెండు బాండోనియన్లతో "వోల్వేర్", "ఎల్ మోతీవో" అనే పాటలను రికార్డు చేశారు.

ఆల్బెర్తో మారినో, ఫ్లోరియల్ రూయిస్, ఎద్ముందో రివేరో, రొబెర్తో గొయనెచే మొదలైన గాయకులు ఈ బృందంలో పాడి పెద్ద పేరు తెచ్చుకున్నారు.

మాన్సితో స్నేహము

త్రోయిలో స్వరపరచిన పాటలలో కవి ఒమెరో మాన్సి రాసినవి విశిష్టమైనవి. 1948లో వచ్చిన "సుర్" (దక్షిణం) నగరపు దక్షిణ పేటలలో గడచిన యౌవనాన్ని, మారిపోయిన వీధులను తలచుకునే పాట. రివేరో మంద్రస్థాయి కంఠంతో పాడిన ఈ టాంగోను అర్జెంటీనీయులు తమ ఉత్తమ గీతాలలో ఒకటిగా భావిస్తారు.

మాన్సికి క్యాన్సర్ సోకింది. మిత్రుడైన కవి ఎన్రీకే సాంతోస్ దిస్సేపొలోను ఉద్దేశించిన "దిస్సేపొలీన్" సాహిత్యాన్ని జబ్బుమంచం మీద నుండి ఫోనులో త్రోయిలోకు చెప్పాడని ప్రతీతి. 1951 మే 3న మాన్సి మరణించాడు. అదే సంవత్సరం డిసెంబరులో దిస్సేపొలో కూడా కన్నుమూశాడు. మాన్సి కోసం త్రోయిలో "రెస్పొన్సో" అనే టాంగో కూర్చాడు. ఆ పేరుకు మృతుల కొరకు చేసే ప్రార్థన అని అర్థం. మాటల మనిషి పోయిన దుఃఖానికి మాటలు లేని సంగీతమే తగునని అతనికి తోచి ఉండవచ్చు. ఆ పిదప చాలాకాలం అతను కుంగిపోయాడు. మద్యపానం జీవితాంతం అతనిని వదలలేదు.

తరువాతి కాలము

1953లో గిటారు వాద్యకారుడు రొబెర్తో గ్రేలాతో కలిసి ఒక చిన్న బృందం ఏర్పరచాడు. త్రోయిలో వాదనాన్ని స్పష్టంగా వినదలచినవారు మొదట వినవలసినవి ఈ బృందం రికార్డులే. కాతులో కస్తీయో సాహిత్యానికి కూర్చిన "లా ఊల్తిమా కూర్దా" 1956లో వెలువడింది. 1960ల నాటికి యువతరం రాక్ సంగీతం వైపు మళ్లగా పెద్ద టాంగో బృందాలు ఒక్కొక్కటిగా మూతపడ్డాయి. త్రోయిలో మాత్రం చివరి వరకు వేదికపైనే ఉన్నాడు.

1975 మే 18న బ్యూనస్ ఎయిర్స్‌లో మరణించాడు. అప్పుడు ఇటలీలో నివసిస్తున్న పియాజోలా ఆ సంవత్సరమే "సూయిత్ త్రోయిలియానా" రచించాడు. అందులోని నాలుగు భాగాల పేర్లు: బాండోనియన్, జీటా, విస్కీ, జూదం. జీటా త్రోయిలో భార్య. ఆమె భర్త బాండోనియన్లలో ఒకదానిని పియాజోలాకు ఇచ్చింది.

త్రోయిలో పుట్టినరోజైన జూలై 11ను అర్జెంటీనా 2005లో చట్టం ద్వారా జాతీయ బాండోనియన్ దినంగా ప్రకటించింది.