బూడిద రంగు జెండాలు

ఆ టీవీకి నాలుగు కాళ్లు, ముందు చెక్క తలుపులు. తలుపులు తెరిస్తే గాజు మీద అంటించిన రంగుల ప్లాస్టిక్ షీటు: పైన నీలం, మధ్యలో నారింజ, కింద ఆకుపచ్చ. హైదరాబాద్‌లో మా వీధి మొత్తానికీ ఉన్నది అదొక్కటే. 1982 నవంబరు 19, శుక్రవారం. ఆ ఇంటి హాల్లో పరిచిన చాపలు చాలక గడప దాకా పిల్లలం కూర్చున్నాం. కిటికీ ఊచలు పట్టుకుని ఇంకొందరు. డాబా మీద యాంటెన్నా దగ్గర ఒకడు.

"బాబాయ్, వచ్చిందా?"

"వచ్చింది, వచ్చింది... అయ్యో, పోయింది. కాస్త ఇటు తిప్పరా!"

ఢిల్లీలో తొమ్మిదో ఆసియా క్రీడలు మొదలవుతున్నాయి. జవహర్‌లాల్ నెహ్రూ స్టేడియంలోకి 33 దేశాల జట్లు ఒకదాని వెనక ఒకటి నడిచి వస్తున్నాయి. దూరం నుంచి చూపించినంతసేపూ ప్లాస్టిక్ షీటు అతికినట్టు సరిపోయింది. పైన ఆకాశం నీలం, కింద మైదానం పచ్చన. కెమెరా దగ్గరికి వెళ్లిందంటే మాత్రం మనిషికి నుదురు నీలం, గడ్డం ఆకుపచ్చ. "తీసేయండి బాబూ ఆ షీటు" అని ఓ పెద్దాయన విసుక్కున్నారు. తీసేశారు. ఇక అన్ని జెండాలూ బూడిద రంగే.

జపాన్ జెండా తెల్లగుడ్డ మీద నల్లబొట్టులా ఉంది. బంగ్లాదేశ్ జెండాలో ఆ బొట్టు కూడా సరిగా ఆనలేదు. ఎరుపూ ఆకుపచ్చా ఆ తెర మీద దాదాపు ఒకే బూడిదలో కలిసిపోయేవి. అప్పుడు ఆ ఇంటి పెద్దబ్బాయి స్కూలు అట్లాసు తెచ్చాడు. దేశం పేరు వినబడగానే జెండాల పేజీ మీద వేలు పెట్టి, "పచ్చ మీద ఎర్ర సున్నా" అని చదివేవాడు. కళ్లు తెర మీదా, చెవులు అతని మీదా పెట్టుకుని ప్రారంభోత్సవం చూశాం.

తమాషా ఏమిటంటే, దేశానికి రంగుల టీవీ అంత హడావిడిగా వచ్చింది ఆ వేడుక కోసమే. మన దేశంలో టీవీ 1959 సెప్టెంబరు 15న ఢిల్లీలో మొదలైంది. అంతకు ఎనిమిదేళ్ల ముందే, 1951 మార్చిలో, మొట్టమొదటి ఆసియా క్రీడలు ఆ నగరంలోనే జరిగాయి. హైదరాబాదీ కోచ్ సయ్యద్ అబ్దుల్ రహీం శిక్షణలో మన ఫుట్‌బాల్ జట్టు అప్పుడు స్వర్ణం గెలిచింది. ఇంట్లో కూర్చుని దాన్ని చూసే వీలు ఎవరికీ లేదు.

1982లో మళ్లీ మనం ఆతిథ్యం ఇచ్చేసరికి, ఇంత పెద్ద పండగను ప్రపంచానికి నలుపు తెలుపులో చూపిస్తామా అన్న ప్రశ్న వచ్చింది. పేద దేశానికి రంగుల సోకు ఎందుకన్న విమర్శలూ వచ్చాయి. సమాచార, ప్రసార మంత్రిగా ఉన్న వసంత్ సాఠే రంగుల వైపే పట్టుబట్టారు. ఆ ఏడాది ఆగస్టు 15న దూరదర్శన్ జాతీయ కార్యక్రమంతో పాటే రంగులూ వచ్చాయి. ఈ పనులన్నిటికీ వెన్నుదన్నుగా ఉంటుందనుకున్న ఇన్సాట్-1ఎ ఉపగ్రహం ఏప్రిల్‌లో పైకెళ్లి, సెప్టెంబరులో చేతికి రాకుండా పోయింది. అయినా ప్రసారం ఆగలేదు.

తెలుగువాళ్లకు ఆకాశం నుంచి బొమ్మ దిగడం కొత్త కాదు. 1975 ఆగస్టు నుంచి ఏడాది పాటు సాగిన సైట్ ప్రయోగంలో ఆరు రాష్ట్రాల్లోని 2,400 గ్రామాలు అమెరికా ఉపగ్రహం ద్వారా టీవీ చూశాయి. మన కర్నూలు, మహబూబ్‌నగర్, మెదక్ జిల్లాల పల్లెలు కూడా వాటిలో ఉన్నాయి. కోళ్లగూటి జాలీ లాంటి వలతో చేసిన పదడుగుల గొడుగు, దాని కింద ఊరందరికీ ఒకే పెట్టె. 1976 జులైతో ప్రయోగం ముగిసింది. మరుసటి ఏడాది అక్టోబరు 23న హైదరాబాద్ దూరదర్శన్ కేంద్రం మొదలైంది. 1982లోనూ ప్రసారం అందని ఊళ్లు ఆసియాడ్‌ను రేడియోలో విన్నాయి, మర్నాడు పేపర్లో చదివాయి. హైదరాబాద్‌లోనే ప్రభుత్వ సంస్థ ఈసీఐఎల్ తయారుచేసిన ఈసీ టీవీ ఉన్న ఇల్లు ఆ రోజుల్లో సగం సినిమా హాలు.

ప్రారంభోత్సవం జరిగిన ఆ రోజు ప్రధాని ఇందిరాగాంధీ పుట్టినరోజు కూడా. రాష్ట్రపతి జ్ఞానీ జైల్‌సింగ్ క్రీడలు ప్రారంభమైనట్టు ప్రకటించారు. పండిట్ రవిశంకర్ స్వరపరిచిన స్వాగతగీతం మోగింది. గీతా జుత్షీ క్రీడాకారుల తరఫున ప్రమాణం చేసింది. డయానా సైమ్స్, హాకీ దిగ్గజం బల్బీర్ సింగ్ సీనియర్ కలిసి జ్యోతి వెలిగించారు. పిల్లలకు మాత్రం ఇవేవీ పట్టలేదు. మాకు కావలసింది అప్పు, ఆ క్రీడల గుర్తుగా ఎంచుకున్న గున్న ఏనుగు. నలుపు తెలుపు తెర మోసం చేయనిది దాన్నొక్కదాన్నే. ఏనుగు ఎలాగూ బూడిద రంగే కదా!

తెర మీదికి రాని సంగతి ఒకటుంది. ఆ క్రీడల కోసం స్టేడియాలు, ఫ్లైఓవర్లు కట్టడానికి రాజస్థాన్, ఉత్తరప్రదేశ్, ఒరిస్సాల నుంచి వేలాది కూలీలు ఢిల్లీ వచ్చారు. కనీస కూలి రోజుకు 9 రూపాయల 25 పైసలు. అందులో రూపాయి మేస్త్రీ కమిషన్ కింద పట్టుకుంటే చేతికొచ్చేది 8 రూపాయల పావలా. పౌరహక్కుల సంస్థ పీయూడీఆర్ రాసిన ఉత్తరాన్నే సుప్రీంకోర్టు పిటిషన్‌గా తీసుకుంది. కనీస వేతనం కన్నా తక్కువకు పని చేయించడమంటే రాజ్యాంగం 23వ అధికరణం నిషేధించిన వెట్టి కిందికే వస్తుందని జస్టిస్ భగవతి తీర్పు రాశారు. తీర్పు తేదీ 1982 సెప్టెంబరు 18. ప్రారంభోత్సవానికి రెండు నెలల ముందు. ఆ హాల్లో పెద్దవాళ్లు చాలామంది రోజూ పేపరు చదివేవాళ్లే. ఒక్కరూ ఆ మాట ఎత్తినట్టు గుర్తు లేదు. జెండాల రంగులు చదివి చెప్పడానికి అట్లాసు ఉంది. ఈ రూపాయి సంగతి చదివి చెప్పేవాళ్లు ఆ పూట లేరు.

ఈ మధ్య ఆ వేడుక రంగుల రికార్డింగు ఫోన్‌లో చూశాను. అట్లాసు అబద్ధం చెప్పలేదు, పచ్చ మీద ఎర్ర సున్నాయే. జట్లు కదిలి వెళ్తుంటే కెమెరా ప్రేక్షకుల మెట్ల మీదుగా నెమ్మదిగా సాగింది. చీరలు, తలపాగాలు, చేతుల్లో జెండాలు, అన్నిటికీ రంగులొచ్చాయి. వాటి సందుల్లోంచి కనిపించే కాంక్రీటు మాత్రం మా వీధి టీవీలో ఎలా ఉందో అలాగే ఉంది.