శ్రమయు వ్యాయామమును

ఒడలు వంచి పనిచేయువారికి వ్యాయామమెందుకని మనవారు ప్రశ్నింతురు. తాలింఖానా కుస్తీపట్టువారికి, ఉదయపు నడక కొలువుదారులకు అను తలంపు మన కరీంనగరము, ఆదిలాబాదు సీమలలో పాతుకొని యున్నది. ఈ తలంపును చరిత్ర ఎంతవరకు సమర్థించుచున్నదో విచారింతము.

వ్యాయామము మేలని పూర్వులెరుగుదురు. బలములో సగము వినియోగమగువరకే దానిని చేయవలెనని సుశ్రుతసంహిత విధించినది. అయినను ఎవరికెంత మేలని లెక్కించి చూచుట ఇటీవలి పని. లండనులో జెర్రీ మారిస్ అను వైద్యుడును సహచరులును సుమారు 31,000 మంది రవాణా ఉద్యోగులను పరిశీలించి 1953లో ఫలితములను ప్రకటించిరి. రెండంతస్తుల బస్సులో దినమంతయు కూర్చుండు డ్రైవరుకంటె, మెట్లెక్కి దిగుచు టిక్కెట్లిచ్చు కండక్టరుకు గుండెజబ్బు తక్కువగా కనబడెను.

ఆ పరిశోధకులే తమ నిర్ణయమును శంకించిరి. 1956లో ఉద్యోగుల దుస్తుల కొలతలు చూడగా, డ్రైవర్ల నడుము చుట్టుకొలత పిన్నవయసునందే హెచ్చని తేలెను. స్థూలకాయులే ఆ పనికి చేరిరేమో! అమెరికాలో పాఫెన్‌బార్గర్ హార్వర్డు పూర్వవిద్యార్థులను పరిశీలించి 1978లో మరికొంత చిక్కు విప్పెను. కళాశాలలో ఆటగాడై పిదప కదలిక మానినవానిని పూర్వపు ఆట కాపాడలేదు. అప్పుడు ఆడకున్నను పిదప దేహమును కదల్చినవానికి మేలు కలిగెను. వ్యాయామఫలము నిలువచేసికొనదగిన ధనము కాదని దీనివలన తెలియుచున్నది.

ఇక మన సీమను చూతము. కోరుట్ల, మెట్‌పల్లి, జగిత్యాల ప్రాంతములలో చాట ఒడిలో పెట్టుకొని బీడీలు చుట్టు స్త్రీలకు వేళ్లలసిపోవును, కాళ్లు కదలవు. సిరిసిల్లలో చేమగ్గమునాటి కాలిచేతుల శ్రమ మరమగ్గమునకు పోయి, గంటల తరబడి నిలుచుటయు చప్పుడును కార్మికునికి మిగిలెను. గోదావరిఖని, మందమర్రి బొగ్గుగనులలో శ్రమ మిక్కుటమే. కాని శ్రమలెల్ల వ్యాయామములు కావు. కాయకష్టము అధికముగా గల వృత్తులలోని పురుషులలో అకాలమరణములు ఎక్కువగా నున్నవని 2018లో వెలువడిన యొక సమీక్ష తెలిపెను. వ్యాయామమున గుండె కొంతసేపు వేగముగా కొట్టుకొని విశ్రమించును. బరువులెత్తు పనిలో రక్తపుపోటు చాలసేపు హెచ్చియుండును, విశ్రాంతి పనివాని చేతిలో నుండదు. ఇందు పేదరికము, పొగాకుల పాలెంతయను వాదము ఇంకను తెగలేదు.

మనకు ఉల్లాసపు కదలిక కొత్త గాదు. నాగోబా జాతరకు ముందు మెస్రం వంశీయులు గోదావరి జలమునకై కాలినడకన హస్తినమడుగునకు పోవుదురు. మార్లవాయి కనకరాజునకు గుస్సాడీ నాట్యము 2021లో పద్మశ్రీని తెచ్చెను. మన యాడువారు తొమ్మిది దినములు బతుకమ్మ చుట్టు తిరిగి యాడుదురు. తక్కిన దినముల మాటయేమి?

పెద్దలు వారమునకు 150 మొదలు 300 నిమిషములవరకు మధ్యరకపు వ్యాయామము చేయవలెనని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో సూచించినది. ఏమియు చేయకుండుటకంటె కొంచెమైనను మేలనినది. దినమునకు అరగంటయైన చాలును. కాని వెయ్యి బీడీలకింతయని కూలి పొందు తల్లికి ఆ అరగంట కూలిలో కోతయే. ఇంటిపనిని మగవారు పంచుకొనినచో, సాయంకాలము బడి మైదానము స్త్రీలకును బాలికలకును తెరచినచో, గనిపనివానికి తగిన విశ్రాంతి దొరికినచో మన యుపదేశము సార్థకమగును. సమయమీయక వ్యాయామము చేయుమనుట, అన్నము పెట్టక పథ్యము చెప్పుటవంటిది.