అవతారము – ఒక అర మార్కు బాకీ

పదవీ విరమణకు కొన్నేళ్ళ ముందు మాట. తెలుగు పరీక్షలో ‘అవతారము’ అన్న పదానికి అర్థం వ్రాయమంటే, ఒక విద్యార్థి “కంప్యూటరు ఆటలో మనకు బదులుగా తిరిగే బొమ్మ” అని వ్రాశాడు. దశావతారాలు పాఠం చెప్పిన నాకు ఒళ్ళు మండి, ఎర్ర సిరాతో కొట్టివేశాను. ఆ అర్థం వెనుక ఉన్న చరిత్రను చాలాకాలం తరువాత చదివాను.

1985లో అమెరికాలోని లూకాస్‌ఫిల్మ్ సంస్థలో చిప్ మార్నింగ్‌స్టార్, రాండీ ఫార్మర్ ప్రభృతులు ‘హాబిటాట్’ అనే ఉమ్మడి కల్పితలోకాన్ని నిర్మించ పూనుకొన్నారు. 1986లో దానిని ప్రయోగాత్మకంగా తెరిచారు. ఎవరి ఇంట వారు కమొడోర్ 64 యంత్రం ముందు కూర్చుని, టెలిఫోను తీగ ద్వారా ఒకే ఊరిలో కలుసుకొనేవారు. ఆ ఊరిలో తిరిగే తమ రూపానికి పెట్టిన పేరే ‘అవతార్’. ఆటలలో ఆ మాట అంతకు మునుపు లేకపోలేదు గాని, తెరమీది మన ప్రతిరూపమనే అర్థానికి బీజం పడినది ఇక్కడే. 1992లో వెలువడిన నీల్ స్టీఫెన్‌సన్ నవల ‘స్నో క్రాష్’ దానిని లోకవ్యాప్తం చేసింది.

ఆ తీగ మీద సెకనుకు సుమారు 30 అక్షరాలే ప్రయాణించేవి. బొమ్మలు పంపడం అసాధ్యం. అందుచేత ‘ఇక్కడ చెట్టు, అక్కడ మనిషి’ అన్న సమాచారాన్ని మాత్రమే కేంద్రయంత్రం పంపేది; చిత్రాన్ని ఎవరి యంత్రం వారికి గీసి చూపేది. మన పౌరాణికుడు చేసేదీ అదే కదా! ఆయన పలికే ‘చెట్టు’ ఒక్కటే. శ్రోతల మనసులలో మొలిచేవి నూరు.

యంత్రాల చిక్కు తీరినా మనుషుల చిక్కు తీరలేదు. నిర్మాతలు ఎంతో శ్రమపడి ఒక ద్వీపంలో నిధివేటను కల్పించారు. రోజుల తరబడి సాగుతుందనుకొన్నదానిని ఒకరు ఎనిమిది గంటలలోనే ఛేదించారు. చాలామందికి అప్పటికి మొదలుపెట్టే అవకాశమే రాలేదు. దొంగతనాలు, హత్యలు మొదలైనవి. చచ్చిన అవతార్ తన తలను చేతపట్టుకొని, ఖాళీ జేబులతో ఇల్లు చేరేది! ఇది నేరమా, వినోదమా అని ఊరంతా వాదులాడుకొన్నది. నిజజీవితంలో గ్రీకు ఆర్థడాక్స్ మతాచార్యుడైన ఒకాయన అక్కడ మందిరం స్థాపించి, శిష్యులు ఆయుధం పట్టరాదని నియమం విధించాడు.

ఇటువంటి లోకాన్ని తీర్చిదిద్దేది యంత్రసామగ్రి కాదు, అందులో దిగినవారి పరస్పర వ్యవహారమేనని నిర్మాతలిద్దరూ 1990 నాటి తమ వ్యాసంలో తేల్చి చెప్పారు.

‘దిగినవారు’ అన్నాను. అవతారమంటే దిగుటే. దిగినవాడు ఆ లోకపు కష్టసుఖాలకు లోబడవలసిందే. రాముడంతటివానికే సీతావియోగం తప్పలేదు. ఈ ఊరివారికి దొంగలభయం తప్పలేదు. దైవత్వం లేదు, నిజమే. కాని ధాత్వర్థం చెడలేదు.

నాయనా, నీవు ఎక్కడున్నావో తెలియదు. పూర్తి మార్కు ఇవ్వలేను, దశావతారాలు వ్రాయలేదు గనుక. అర మార్కు మాత్రం నీకు బాకీ ఉన్నాను.